అనకాపల్లి వాడు బెల్లం మానేసిన కథ

2024 జనవరిలో మా ఊరి తెలుగు సంఘం సంక్రాంతి సంబరాలు జరిగాయి. హైస్కూలు కెఫెటీరియా అద్దెకి తీసుకోవడం, ముగ్గుల పోటీ, చంటిపిల్లలకి భోగిపళ్ళు, సరిగ్గా ముఖ్య అతిథి మాట్లాడేటప్పుడు మైకు మొరాయించడం, అన్నీ యథావిధిగానే నడిచాయి. ఒక్కటే తేడా. ఏటా స్వీట్ల టేబుల్ దగ్గర రెండు ప్లేట్లతో కనిపించే నేను ఆ రోజు ఖాళీ చేతులతో నిలబడ్డాను. అరగంటలో ఏడుగురు వచ్చి అడిగారు, "ఏమండీ, షుగరా?" అని. మామూలుగా అడగలేదు. గొంతు తగ్గించి, భుజం మీద చెయ్యి వేసి, పరామర్శకి వచ్చినట్టు అడిగారు.

"ఇంకా రాలేదండీ. రాకూడదనే" అన్నాను.

మీరెప్పుడైనా గమనించారా? మన తెలుగువాళ్ళకి షుగర్ అంటే జబ్బు. కాఫీలో వేసుకునేది మాత్రం పంచదార. రెండిటికీ రెండు పేర్లు పెట్టుకుని, ఒకదానికొకటి సంబంధం లేనట్టు హాయిగా బతికేస్తున్నాం. నేను డాక్టర్ని కాను. బ్యాంకులకి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి పెట్టే కన్సల్టెంట్‌ని. కానీ ఎక్కడ తప్పు జరుగుతోందో లాగ్ ఫైళ్ళు తిరగేసి వెతకడం 20 ఏళ్ళకి పైగా నా వృత్తి. ఆ బుద్ధితోనే నా ఒంటిని నేను పరీక్షించుకున్న వైనం మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

మాది అనకాపల్లి దగ్గర పల్లె. అనకాపల్లి బెల్లం మార్కెట్ గురించి వినని ఆంధ్రుడు ఉండడు. మా తాతయ్యది చెరకు పంట. గానుగ ఆడే రోజుల్లో స్కూలు ఎగ్గొట్టి పొయ్యి దగ్గర కూర్చునేవాళ్ళం. పెనంలో పాకం ఉడుకుతుంటే ఆ వాసన పక్క ఊరిదాకా వెళ్ళేది. వేడి వేడి పాకం ఆకులో పోసి ఇచ్చేవారు తాతయ్య. ఊదుకుంటూ నాకడం, నాలుక కాల్చుకోవడం, మళ్ళీ చెయ్యి చాచడం. అలాంటి వాణ్ణి తీపి మానేయమంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

2023 సెప్టెంబరులో ఏటా చేయించుకునే పరీక్షలకి వెళ్ళాను. నాకప్పుడు 46 ఏళ్ళు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 212 పౌన్లు. బీఎమ్ఐ లెక్క వేస్తే 33 పైచిలుకు. అంటే లావు అనే మాట దాటిపోయి స్థూలకాయం అనే గదిలోకి వెళ్ళిపోయానన్నమాట. రక్తపరీక్షల కాగితం చూస్తూ మా డాక్టర్ గారు వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నడుము చుట్టుకొలత 43 అంగుళాలు, మన దక్షిణాసియా మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35 అంగుళాలు దాటకూడదట. ట్రైగ్లిజరైడ్లు 286, ఉండవలసింది 150 లోపు. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్.డి.ఎల్. 34, మగవాళ్ళకి 40కి తగ్గకూడదు. బి.పి. 138/88, గీత 130/85 దగ్గర ఉంది. పరగడుపు గ్లూకోజు 112, అది 100 లోపు ఉండాలి. ఈ అయిదింట్లో మూడు తప్పితే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారట.

"మీకు అయిదుకి అయిదు వచ్చాయి" అన్నారు డాక్టర్ గారు. జీవితంలో నూటికి నూరు మార్కులు వచ్చింది ఆ ఒక్కసారే.

మూడు నెలల సగటు చెప్పే ఏ1సీ 6.1 ఉంది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 వస్తే మన "షుగర్". లివర్ పరీక్షలు కూడా తేడాగా ఉండటంతో అల్ట్రాసౌండ్ తీయించారు. లివర్‌లో కొవ్వు పట్టింది. "మందు తాగుతారా?" అని అడిగారు. పెళ్ళయ్యాక అలాంటి సాహసాలు లేవని చెప్పాను. తాగకుండా కూడా లివర్‌కి కొవ్వు పడుతుందనీ, మనవాళ్ళలో అది బాగా కనిపిస్తుందనీ అప్పుడు చెప్పారు.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. నాన్నకి షుగర్ బయటపడింది 47వ ఏట. ఆయన హైస్కూలు మేష్టారు. మొదట్లో మాత్రలు, తర్వాత ఇన్సులిన్, చివరి రెండేళ్ళూ వారానికి మూడుసార్లు విశాఖపట్నం బస్సెక్కి డయాలిసిస్‌కి వెళ్ళి వచ్చేవారు. 2009లో పోయారు. 61 ఏళ్ళు. నేను అప్పుడు ఈ దేశంలో ఒక ప్రాజెక్టు మధ్యలో ఉన్నాను. వీసా స్టాంపింగు గొడవలు తేలి విమానం ఎక్కి ఇల్లు చేరేసరికి మూడో రోజు. అంతా అయిపోయింది. డాక్టర్ గారి గదిలో ఆ కాగితం పట్టుకుని కూర్చున్నప్పుడు నా బుర్రలో తిరిగిన లెక్క ఒక్కటే: 47కి ఇంకో ఏడాది ఉంది. మా అమ్మాయికి అప్పుడు 12 ఏళ్ళు.

మాత్ర మొదలుపెడదామా అన్నారు డాక్టర్ గారు. మూడు నెలలు గడువు అడిగాను. సరే, ఏ1సీ మారిందో లేదో తెలియడానికి కూడా అంత సమయం పడుతుంది కాబట్టి డిసెంబరులో మళ్ళీ చూద్దామన్నారు. "అన్నీ ఒకేసారి మార్చబోయి అన్నీ వదిలేసేవాళ్ళని రోజూ చూస్తుంటాను. ఒక్కటి ఎంచుకోండి" అని ఒక సలహా ఇచ్చారు. నేను పంచదారని ఎంచుకున్నాను. అది నాకు పెద్దగా ఎదురు రాదనుకున్నాను. స్వీట్లు పండగలకే కదా తినేది!

ముందు ఒక వారం ఏమీ మార్చకుండా, తిన్నవన్నీ ఎక్సెల్ షీటులో రాశాను. సోమవారం నాటి పద్దు ఇది. కాఫీ, టీ కలిపి 4 కప్పులు, కప్పుకి 2 చెంచాలు, మొత్తం 32 గ్రాములు. పొద్దున్న గ్లాసుడు నారింజ రసం, 21 గ్రాములు. లంచ్‌లో 12 ఔన్సుల కోక్ డబ్బా ఒకటి, 39 గ్రాములు. "ఆరోగ్యం" కోసం కొనుక్కున్న పళ్ళ పెరుగు కప్పు 12, గ్రనోలా బార్ 8. సాయంత్రం టీతో నాలుగు బిస్కెట్లు 6. కలిపితే 118 గ్రాములు. చెంచాకి 4 గ్రాముల చొప్పున దాదాపు 30 చెంచాలు. ఆ రోజు నేను ఒక్క స్వీటు కూడా ముట్టుకోలేదు!

ఆ షీటు మా ఆవిడకి చూపించాను. "ఎవరైనా 30 చెంచాల పంచదార గిన్నెలో పోసిస్తే తింటారా?" అంది. తినను. కానీ తాగుతున్నాను.

ఎంత తినొచ్చు మరి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక లెక్క చెప్పింది. మనం కలుపుకునే పంచదార, బెల్లం, తేనె, పళ్ళరసాల్లోని చక్కెర, ఇవన్నీ కలిపి రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం మించకూడదు. 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది, అంటే సుమారు 25 గ్రాములు, 6 చెంచాలు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మగవాళ్ళకి 9 చెంచాలు, ఆడవాళ్ళకి 6 చెంచాల దగ్గర గీత గీసింది. నేను ఉన్నది 20 శాతం దగ్గర.

ఇంతకీ పంచదార లోపలికి వెళ్ళి ఏం చేస్తుంది? ఒక చెంచా పంచదార అంటే సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. బెల్లమైనా అంతే, అందులోనూ ఎక్కువ భాగం అదే సుక్రోజు. (ఈ వాక్యం రాయడానికి అనకాపల్లి వాడిగా నాకు చెయ్యి రాలేదు. ఇనుము, ఖనిజాలు ఉన్నమాట నిజమే, కానీ అవి ఒంటికి పట్టేంత బెల్లం తింటే ముందు ఈ గొడవ ముంచుకొస్తుంది.) గ్లూకోజుని ఒంట్లో ప్రతి కణమూ వాడుకుంటుంది. ఫ్రక్టోజు భారం చాలావరకు లివర్ మీద పడుతుంది. గ్లూకోజు వచ్చే దారిలో ఒక వాచ్‌మన్ ఉంటాడు, లోపల సరుకు నిండితే గేటు వేస్తాడు. ఫ్రక్టోజు పక్క సందులోంచి వస్తుంది, అక్కడ ఆపేవాడు లేడు. కొద్దిగా వస్తే పేగులూ లివరూ సర్దుకుంటాయి. గ్లాసులకి గ్లాసులు గబగబా దిగితే లివర్ ఆ మిగులుని కొవ్వుగా మారుస్తుంది. కొంత కొవ్వు ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి వెళ్తుంది, కొంత లివర్‌లోనే పేరుకుపోతుంది. కొవ్వు పట్టిన లివర్ ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు. దాంతో క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ పంపుతుంది. ఏళ్ళ తరబడి అలా పంపి పంపి, ఒక రోజు అలిసిపోతుంది. మనవాళ్ళు "షుగర్ వచ్చింది" అనేది ఆ రోజున. బండి బయల్దేరింది ఎప్పుడో.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుక్కున్నారు. ఏటీపీ అంటే కణాల్లో చలామణీ అయ్యే రూపాయి నోటు లాంటిది. ఫ్రక్టోజు పెద్ద ఎత్తున వచ్చినప్పుడు లివర్ ఆ నోట్లని గబగబా ఖర్చు పెట్టేస్తుంది, ఆ ఖర్చులో యూరిక్ ఆమ్లం పుడుతుంది. కాలి బొటనవేలు వాచి కుంటుతూ ఆఫీసుకి వచ్చే మిత్రులు మీకూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. తీపి పానీయాలకీ గౌట్‌కీ చుట్టరికం ఇక్కడే.

మరి మాకు పళ్ళు కూడా వద్దా అని పిల్లలు అడుగుతారు. పండు వేరు, రసం వేరు. నారింజ ఒలుచుకుని తింటే పీచుతో కలిసి నెమ్మదిగా దిగుతుంది, ఒకటి రెండు తినేసరికి పొట్ట చాలంటుంది. అవే నాలుగు పిండి గ్లాసులో పోస్తే ఒక్క గుక్క. పళ్ళు తినండి పిల్లలూ, భయం లేదు.

ఇదంతా నా నమ్మకం మీద చెప్తున్నది కాదు. 2009లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖవాళ్ళు బరువు ఎక్కువున్న 32 మంది పెద్దవాళ్ళ మీద ఒక పరిశోధన ప్రచురించారు. రోజు కేలరీల్లో పాతిక శాతం తీపి పానీయంగా ఇచ్చారు, కొందరికి గ్లూకోజుతో, కొందరికి ఫ్రక్టోజుతో, 10 వారాలు. రెండు గుంపులూ దాదాపు ఒకేలా బరువు పెరిగాయి. కానీ పొట్ట లోపల అవయవాల చుట్టూ కొవ్వు పెరగడం, ఇన్సులిన్ పనితనం తగ్గడం ఫ్రక్టోజు వాళ్ళలోనే ఎక్కువగా కనిపించింది. 2012లో డెన్మార్కువాళ్ళు 47 మంది అధిక బరువున్నవాళ్ళకి ఆరు నెలలపాటు రోజూ లీటరు చొప్పున ఒక్కో గుంపుకి ఒక్కోటి, కోలా, పాలు, డైట్ కోలా, నీళ్ళు, తాగించారు. మొత్తం కొవ్వులో గుంపులకీ గుంపులకీ పెద్ద తేడా రాలేదు. కోలా గుంపుకి మాత్రం లివర్‌లో కొవ్వు, పొట్ట లోపలి కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు పెరిగాయి.

ఇవి తినిపించి చూసినవి. తగ్గించి చూసినవాటిలో 2015 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధన పేరు మోసింది. స్థూలకాయం, మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్న 43 మంది పిల్లలకి 9 రోజులు చక్కెరని 28 శాతం నుంచి 10 శాతానికి దించారు. కేలరీలు తగ్గకుండా ఆ లోటుని బ్రెడ్డు, పాస్తా లాంటి పిండి పదార్థాలతో పూడ్చారు, బరువు తగ్గనివ్వకుండా చూసుకున్నారు. 9 రోజుల్లో ట్రైగ్లిజరైడ్లు సగటున 33 పాయింట్లు, ఇన్సులిన్ మూడోవంతు దిగాయి. పోల్చడానికి వేరే గుంపు లేదన్న విమర్శ దానిమీద ఉంది, అది న్యాయమైనదే. నాకు బాగా పనికొచ్చిన సంగతి మాత్రం న్యూజిలాండ్‌వాళ్ళు 2013లో చాలా పరిశోధనలు కలిపి తేల్చినది. చక్కెర తగ్గించిన పెద్దవాళ్ళు సగటున తగ్గిన బరువు 0.8 కిలో మాత్రమే. ఆ కేలరీలని వేరే పిండి పదార్థంతో భర్తీ చేస్తే బరువులో మార్పే లేదు.

అంటే, బరువు యంత్రం మీద ఆశ పెట్టుకుని పంచదార మానేసేవాళ్ళు నెల తిరక్కుండా నిరాశపడి మళ్ళీ మొదలుపెడతారు. మార్పు ముందు వచ్చేది రక్తంలో, లివర్‌లో. అది యంత్రానికి కనపడదు. ఇది ముందే తెలియడం వల్లే నేను నిలబడగలిగానేమో.

మొదటి రెండు వారాలూ నరకం. మధ్యాహ్నం మూడింటికి తలనొప్పి, ఇంట్లో అందరి మీదా చిరాకు. కోక్ మొదటి రోజే మానేశాను, దాని బదులు కొన్నాళ్ళు డైట్ సోడా పట్టుకున్నాను. కృత్రిమ తీపిని బరువు తగ్గించుకోవడానికి వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చిందని చదివాక దాన్నీ వదిలి మజ్జిగ మీద పడ్డాను. అల్లం, కరివేపాకు, కాస్త ఉప్పు దంచి వేసి, ఫ్లాస్కులో ఆఫీసుకి. పక్క క్యూబ్ తెల్లవాడు "ఏమిటది?" అని రుచి చూసి దండం పెట్టాడు. కాఫీ దగ్గర మాత్రం ఒకేసారి మానలేకపోయాను. నాలుగు రోజులకోసారి పావు చెంచా చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను. 2 చెంచాల నుంచి సున్నాకి రావడానికి నెల పైనే పట్టింది. చిత్రమేమిటంటే, నేను 20 ఏళ్ళుగా తాగుతున్న ఫిల్టర్ కాఫీకి ఒక రుచి ఉందని అప్పుడే తెలిసింది. ఆఫీసు కాఫీకి ఏ రుచీ లేదని కూడా అప్పుడే తెలిసింది.

ఇంట్లో ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం మా అమ్మాయి తీసుకుంది. ఈ దేశంలో 2016లో ఎఫ్.డి.ఏ. చేసిన నిబంధన వల్ల, 2020 నుంచి పెద్ద కంపెనీల ప్యాకెట్ల మీద "యాడెడ్ షుగర్స్" అని వేరే వరస ఉంటోంది. గ్రోసరీ కొట్టులో బండి తోసుకుంటూ ఆ అంకె చదివి, నాలుగుతో భాగించి, గట్టిగా "నాన్నా, మూడు చెంచాలు!" అని అరిచేది. బ్రెడ్డులో, పాస్తా సాస్‌లో, కెచప్‌లో, సలాడ్ మీద పోసుకునే దాంట్లో, అన్నింట్లోనూ ఉంది. మన ఇండియన్ స్టోర్స్‌లో దొరికే ఖర్జూరం చట్నీ సీసా చూసి దానికి నోట మాట రాలేదు. కార్న్ సిరప్, డెక్స్‌ట్రోజ్, కేన్ జ్యూస్, అగావే, బ్రౌన్ రైస్ సిరప్ అని ఎన్ని మారుపేర్లతో రాసినా ఆ ఒక్క వరసలో దొరికిపోతుంది. పిల్లలకి ఈ ఆట భలే నచ్చుతుంది, మీ ఇంట్లోనూ ఆడించి చూడండి. రెండేళ్ళు దాటిన పిల్లలకి 18 వరకూ రోజుకి 25 గ్రాములు మించొద్దనీ, రెండేళ్ళ లోపు వాళ్ళకి కలిపిన చక్కెర అసలు వద్దనీ హార్ట్ అసోసియేషన్ 2016లోనే చెప్పింది.

ఆ నవంబరులో అమ్మ అనకాపల్లి నుంచి వచ్చింది. సూట్‌కేసులో సగం అరిసెలు, ఒక పెద్ద బెల్లం దిమ్మ. వీడియో కాల్‌లో ముందే చెప్పాను, అయినా తెచ్చింది. "ఏట్రా, బెల్లం కూడానా? మీ తాతయ్య రోజూ తిన్నాడు, 90 ఏళ్ళు బతికాడు" అంది. నిజమే. తాతయ్య తెల్లవారక ముందు చేలోకి వెళ్ళి చెరకు నరికి, మోసి, చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవాడు. నేను రోజుకి 10 గంటలు కుర్చీలో కూర్చుంటాను, చెయ్యి కదిపితే మౌస్ వరకే. అదే చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు.

రెండు రోజుల తర్వాత రాత్రి, అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఉన్నాం. పంచదార లేని కాఫీ తాగుతున్న నన్ను కాసేపు చూసి, "మీ నాన్నకి నేనే ఇచ్చానురా" అంది. ఏమిటన్నాను. "పంచదార. డాక్టరు వద్దన్నా, పొద్దున్న కాఫీలో ఒక చెంచా వేసి ఇచ్చేదాన్ని. చిన్నపిల్లాడిలా అడిగేవాడు. కాదనలేకపోయాను. దానివల్లేనా?"

14 ఏళ్ళు ఆవిడ ఆ మాట మనసులో మోసింది. నేను చదివినదంతా నాకు అక్కరకి వచ్చింది అప్పుడే. ఒక్క చెంచా వల్ల కిడ్నీలు పోవమ్మా, అన్నాను. బి.పి. ఉంది, మాత్రలు సరిగ్గా వేసుకోలేదు, ఆ రోజుల్లో ఊళ్ళో ఏ1సీ పరీక్ష ఎవరికీ తెలియదు, కాళ్ళు వాచేదాకా ఎవరూ కిడ్నీల సంగతి చూడలేదు. ఇవన్నీ ఉన్నాయి, నీ చెంచా లెక్కలోకే రాదు. నిజమే చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. అప్పుడు ఒక అరిసె తీసి సగం చేసి, సగం నాకిచ్చింది. తిన్నాను. మూడు నెలల్లో నేను తిన్న మిఠాయి అదొక్కటే, దానికి నేను లెక్క రాసుకోలేదు.

డిసెంబరు పరీక్షలో బరువు 205. మూడు నెలల కష్టానికి 7 పౌన్లు! నడుము అంగుళంన్నర తగ్గింది. కానీ ట్రైగ్లిజరైడ్లు 286 నుంచి 168కి దిగాయి. గ్లూకోజు 98, ఏ1సీ 5.8, బి.పి. 132/84, లివర్ అంకెలు దాదాపు మామూలుకి వచ్చాయి. హెచ్.డి.ఎల్. 36, అది కదలనంటోంది. డాక్టర్ గారు మళ్ళీ వేళ్ళు లెక్కపెట్టారు. అయిదింట్లో ఇంకా నాలుగు తప్పాను, అయినా ఆయన ముఖంలో నవ్వు ఉంది. మాత్ర సంగతి తర్వాత చూద్దామన్నారు.

ఆ తర్వాతే నడక మొదలుపెట్టాను, రాత్రి అన్నం సగానికి తగ్గించాను. అన్నం సంగతి దాచిపెట్టి పంచదారనే తిడితే అది మోసం అవుతుంది. మన ప్లేట్లో తెల్లన్నం కొండ పక్కన పప్పు చెరువులా ఉంటుంది, తిరగేస్తే మంచిదని అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరుకి బరువు 197, ట్రైగ్లిజరైడ్లు 138, బి.పి. 126/80. నడుమూ హెచ్.డి.ఎల్. మిగిలాయి, వాటితో కుస్తీ నడుస్తోంది. నాకు 47 వచ్చింది, షుగర్ రాలేదు. రేపు రాదని ఎవరూ రాసివ్వలేరు, నాన్న జీన్స్ నాలోనూ ఉన్నాయి. ఒక మనిషి కథ పరిశోధన కాదు కూడా.

"నేను సన్నగానే ఉన్నాను కదా" అని ఈ పేజీ తిప్పేస్తున్న మిత్రులకి ఒక మాట. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టర్ యాజ్ఞిక్ గారూ, లండన్ డాక్టర్ యడ్కిన్ గారూ పక్కపక్కన దిగిన ఫోటో ఒకటి వచ్చింది. ఇద్దరి బీఎమ్ఐ 22.3. తెల్లాయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనాయనది 21.2 శాతం. అందుకే ఆసియావాళ్ళకి బీఎమ్ఐ 23 నుంచే షుగర్ పరీక్ష చేయించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. ఇప్పటికే ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడుతున్నవాళ్ళు మాత్రం నన్ను చూసి రాత్రికి రాత్రి తిండి మార్చకండి. మందు అలాగే ఉండి తిండిలో చక్కెర పడిపోతే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ముందు మీ డాక్టర్ని అడగండి.

మన సంఘం కార్యవర్గానికి కూడా ఒక విన్నపం. సభల్లో పిల్లల టేబుల్ మీద జ్యూస్ డబ్బాల బదులు నీళ్ళ సీసాలు పెట్టించండి. ఇంగ్లండులో యుద్ధకాలం నాటి పంచదార రేషను 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. ఆ తేదీకి అటూ ఇటూ పుట్టినవాళ్ళని పోల్చి చూసిన పరిశోధన 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. తల్లి కడుపులోనూ, పుట్టిన మొదటి రెండేళ్ళలోనూ రేషను కాలంలో గడిపినవాళ్ళకి పెద్దయ్యాక షుగర్ ముప్పు సుమారు 35 శాతం, బి.పి. ముప్పు 20 శాతం తక్కువట. స్వీట్ల టేబుల్ ఎత్తేయమని నేను అనను, బొబ్బట్లు లేని ఉగాది నాకూ వద్దు. మజ్జిగ బాధ్యత నాకు అప్పగించండి చాలు, అల్లం నేనే తెచ్చుకుంటాను.

అమ్మ 2024 మార్చిలో వెళ్ళిపోయింది. బెల్లం దిమ్మ మా ప్యాంట్రీ పై అరలో ఉండిపోయింది. ఏప్రిల్‌లో ఉగాదికి మా అమ్మాయి కుర్చీ వేసుకుని దాన్ని దించింది. సుత్తితో ఒక మూల కొట్టి, తూకం వేసి, గ్రాములు నాలుగుతో భాగించి, వేప పువ్వు పక్కన పెట్టింది. పచ్చడి కలిపాక ముగ్గురికీ తలో చెంచా వచ్చింది. మిగిలిన దిమ్మ మళ్ళీ పై అరకి ఎక్కింది.